అరికాళ్ళ గుడ్డ

నమోదు 212

మాటలు నమోదు చేసుకునే ఈ పెట్టెకు రోజూ వార్డు సంగతులు చెప్పాలని గని సంస్థ ఆజ్ఞ. వాస్తవాలు చెబితే చాలట, అభిప్రాయాలు అక్కర్లేదట. మంచిది. మొదటి వాస్తవం: కాలివార్డులో మంచాలు పద్నాలుగు, నర్సును నేనొక్కదాన్ని. పేరు తార. రెండో వాస్తవం: నా కాళ్ళే గుమ్మడికాయల్లా ఉన్నాయి.

పై ఆఫీసులో ఇది వినేవాళ్ళు ఈ బండ మీద ఎన్నడూ కాలు పెట్టినవాళ్ళు కారు కనక చెబుతున్నాను. ఇక్కడ ప్రతి మనిషీ తన మీద ఇంకో సగం మనిషిని మోస్తున్నట్టే బతుకుతాడు. గ్రహానికి మీరు పెట్టిన పేరు ఏదో నంబరు. మేము మాత్రం బండ అంటాం. ఒంట్లో ఉన్న నీరంతా సాయంత్రానికి పిక్కల్లోకి దిగుతుంది. అందుకే ఇరవై ఒకటో రోజున పిల్లలకు పేరు పెట్టేటప్పుడే పిక్కకట్లు కూడా కడతాం. పొద్దు వాలగానే ఎత్తుగంట మోగుతుంది. గనిలోవాళ్ళు, వంటింట్లోవాళ్ళు, బడిపంతుళ్ళు, అందరూ వెల్లకిలా పడుకుని కాళ్ళు గోడకు ఎత్తిపెట్టాల్సిందే. ఆ గంటసేపు ఊళ్ళో నిలబడ్డ మనిషి కనపడడు. నర్సులకూ మినహాయింపు లేదు. ఎత్తకపోతే మర్నాడు మేమే మంచమెక్కుతాం.

ఏడో మంచంలోకి కొత్త మనిషి వచ్చింది. ఓదెమ్మ, ఇరవై మూడేళ్ళు, గనిలో డ్రిల్లు పడుతుంది. కప్పు నుంచి రాయి ఊడి ఎడమ చీలమండ మీద పడింది. లోపలి ఎముక, బయటి ఎముక రెండూ విరిగి పక్కకు జరిగాయి. ప్లేటు వేసి బిగించాలి. బిగించే డాక్టరు ఆపరేషన్ ఓడలో వస్తుంది, ఒక్క పగలు ఉండి పోతుంది. ఓడ రావడానికి ఇంకా రెండు వారాల పైనే ఉంది. ఆలోపు వాపు దిగాలి. వాచిన చర్మాన్ని కోస్తే కుట్లు కలవవు, పుండై కుళ్ళుతుంది. చీలమండ దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో దగ్గరికి నొక్కితే సన్నటి ముడతలు పడాలి. ముడత పడితే కోస్తారు. పడకపోతే కోయరు.

కోయకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుంది. వంకర కాలు ఈ బరువు మోయలేదు. మోయలేనివాళ్ళను సంస్థ పైమజిలీకి పంపుతుంది. అది పైన తిరిగే స్టేషను. అక్కడ బరువన్నదే లేదు. బరువు లేనిచోట విరిగిన ఎముక గట్టిపడదు, బాగున్న ఎముకలు కూడా పెళుసవుతాయి. పైకి పోయినవాళ్ళు తిరిగి బండ మీద దిగగా నేను చూడలేదు.

అందుకని ముడత పడాలి. నా ఉద్యోగమంతా ఇదే.

నమోదు 213

ఓదెమ్మ కాలికి గాలితొడుగు వేశాను. అది మెల్లగా ఉబ్బుతూ, వదులవుతూ నీటిని పైకి తోస్తుంది. దాని కింద ఎత్తుపీట. మంచం కాళ్ళవైపు బిగించిన ఈ పీట మీద కాలు గుండెకంటె ఎత్తులో ఉండాలి.

"నిద్రల గూడ దించద్దు. అర్థమైందా?" అన్నాను.

"నాకు అర్థమైంది తారక్కా. కాలుకే అయితలేదు, జెర నువ్వే చెప్పు."

నోరు గలది. నాకు నచ్చింది. వేళ్ళు కదిలించమంటే పళ్ళు బిగబట్టి కదిలించింది, నన్ను ఒక బూతు కూడా తిట్టింది.

ఆమెకు ఉన్నది ఒక్కడే, పోశం. తండ్రికి అన్న. తల్లీ తండ్రీ ఒకే రోజు గనిలో పోతే పెద్దబాపే ఎత్తుకుని పెంచాడు, పెళ్ళి కూడా మానుకుని. ఒకప్పుడు గని కప్పును కడ్డీతో తట్టి, ఆ చప్పుడు విని ఏ రాయి ఊడుతుందో చెప్పేవాడు. రిటైరయ్యాడు. ఆయన స్థానంలో సంస్థ ఒక యంత్రం పెట్టింది. ఆ యంత్రం బాగుందన్న కప్పే ఓదెమ్మ మీద పడింది. ఇది అభిప్రాయం కాదు, వాస్తవం.

చూడటానికి వచ్చేవాళ్ళను ఎత్తుగంటలోనే రానివ్వాలని ఇక్కడి రూలు. మిగతా వేళల్లో లిఫ్టుకు అడ్డమట. తన కాళ్ళు ఎత్తుకోవడం మానుకుని ఎత్తుగంటలో ఎవడొస్తాడు? ఎవడూ రాకూడదనే పెట్టినట్టున్నారు. పోశం వచ్చాడు.

నమోదు 216

వాపు దిగలేదు సరికదా పెరిగింది.

పొద్దున చూస్తే బాగానే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే పడే గుంట చిన్నదవుతోంది. ఎత్తుగంట అయిపోయి నేను తిరిగి వచ్చేసరికి కాలు మళ్ళీ బిర్రుగా, నిగనిగలాడుతూ ఉంటుంది. రాత్రంతా దిగినది సాయంత్రానికి ఎక్కుతోంది. గాలితొడుగు కారుతోందనుకుని మార్చాను. కొత్తదానితోనూ అదే వరస.

మొన్న పోశంను తలుపు దగ్గర ఆపి, తెచ్చే గిన్నె తెరిచి చూశాను. చింతకాయ తొక్కు! ఉప్పు గింజలు పైకి కనపడుతున్నాయి. ఉప్పు తింటే ఒంట్లో నీరు నిలుస్తుందని ఈ వార్డులో గోడలకు కూడా తెలుసు. గిన్నె లాక్కున్నాను.

"బువ్వ ఎట్ల దిగుతది సిస్టరమ్మా, మీ చప్పటి కూరలతోని?" అన్నాడు పోశం.

"బువ్వ దిగకున్నా ఫర్వాలేదు పెద్దయ్యా, వాపు దిగాలె."

తలొంచుకుని సరేనన్నాడు. మర్నాటి నుంచి చప్పిడి పప్పు తెచ్చాడు. తొక్కు నేను తిన్నాను. బాగుంది.

కాలివేళ్ళ మీద ఎప్పుడూ ఒక కెమెరా కన్నేసి ఉంటుంది. వేళ్ళు నల్లబడితే మోగుతుంది. మా ఇళ్ళలో కాళ్ళు ఎత్తినప్పుడు పాదాల మీద ఒక గుడ్డ కప్పుకుంటాం. పెద్దవాళ్ళకు అరికాళ్ళు చూపించడం మాకు తిట్టుకన్నా పెద్ద తప్పు. వార్డులోనూ మంచానికో గుడ్డ ఉండేది. పోయిన ఏడాది సంస్థ అన్నిటినీ తీయించింది, కెమెరాకు వేళ్ళు కనపడాలని. ఇంత కెమెరా పెట్టారు కదా, కాలు ఎందుకు వాస్తోందో అది చెప్పదేం? రంగు బాగుందంటుంది. అంతే దాని చదువు.

నమోదు 219

ఇవాళ ఓదెమ్మను తిట్టాను.

కొందరుంటారు. గని మీద విసుగెత్తి, పైన కాళ్ళనొప్పులే ఉండవన్న మాట విని, కావాలనే కాలు వేలాడేసి వాపు పెంచుకుంటారు. పోయిన ఓడకు ముందు పదకొండో మంచంవాడు అదే చేశాడు. ఓదెమ్మ కూడా అదే బాపతు అనుకున్నాను. నాకు ఒళ్ళు మండింది.

"పైకి పోవాలని ఉంటే సక్కగ చెప్పు. నేనెందుకు నీ కాలు పిసుక్కుంట కూసునుడు?"

ఆమె మొహం తెల్లబోయింది. "నేనా? నేను పైకి పోతే పెద్దబాపును ఎవలు చూస్తరు? నేను కాలు దించుతలేను తారక్కా. నువ్వు చెప్పినట్టే పెట్టి పండుకుంటున్న."

"ఎప్పుడూ దించుతలేవా?"

ఒక్క క్షణం ఆగింది. "దించుతలేను," అంది.

ఆ ఆగడం నాకు కనపడింది. అబద్ధం అనుకున్నాను. బెల్టు తెచ్చి కాలిని ఎత్తుపీటకు కట్టేశాను. ఆమె ఏడ్చింది. బయటి వైపు చర్మం మీద రెండు, లోపలి వైపు ఒకటి నీటిబొబ్బలు లేచాయి. బొబ్బ ఉన్నచోట కత్తి పెట్టరు. ఓడకు వారం పైన కొద్దిరోజులే ఉంది.

నమోదు 221

తెలిసింది. తెలిసినందుకు సంతోషించాలో తల బాదుకోవాలో తెలియడం లేదు.

ఎత్తుగంటలో నా గదిలో కాళ్ళు గోడకు పెట్టి పడుకున్నాను. మూడో మంచం మందుల పంపు మోగడం మొదలుపెట్టింది. ఆగుతుందేమోనని చూశాను, ఆగలేదు. తిట్టుకుంటూ లేచి వార్డులోకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఆ గంటలో వార్డులోకి నేను పోవడం అదే మొదలు.

ఏడో మంచం మీద ఓదెమ్మ లేచి కూర్చుని ఉంది. బెల్టు విప్పేసింది. విరిగిన కాలు మంచం పక్కన కిందికి వేలాడుతోంది, వంకాయ రంగులో. ఎదురుగా స్టూలు మీద పోశం. మధ్యలో దుప్పటి మీద బొగ్గుతో గీసిన పచ్చీసు ఆట గడులు. ఇద్దరూ నవ్వుతున్నారు.

"నీకు బుద్ధున్నదా పిల్లా!" అని అరిచాను. పదమూడు మంచాలూ తలలు ఎత్తాయి.

పోశం గబుక్కున లేచాడు. ఓదెమ్మ నావైపు కాక ఆయనవైపు చూసింది.

"నాకు అబద్ధం చెప్పినవ్. కాలు దించుతలేనన్నవ్."

"అది దించుడు గాదు తారక్కా," అంది మెల్లగా. "పెద్దబాపు వచ్చిండు. ఆయన మొకానికి ఎదురుంగ అరికాలు పెట్టి పండుకోవాల్నా? ఆయన తన కాళ్ళు ఎత్తుకునుడు ఇడిసిపెట్టి నా కోసం వచ్చి కూసుంటుండు. నేను గంత సిగ్గులేనిదాన్నా?"

స్టూలు ఎక్కడుందో అప్పుడు చూశాను. మంచానికి కాళ్ళవైపు, ఎత్తుపీటకు సూటిగా ఎదురుగా, నేలకు బోల్టులతో బిగించి ఉంది. అన్ని మంచాలకూ అంతే. ఎక్కడో కూర్చుని ఈ వార్డు బొమ్మ గీసినవాడికి ఒక మనిషి పాదాలు ఇంకో మనిషి మొహానికి ఎదురుగా ఉంటే ఏమవుతుందో తెలియదు. ఇక్కడ ఏళ్ళ తరబడి తిరుగుతున్న నాకూ పట్టలేదు. ఆ స్టూళ్ళ మీద ఎవరూ కూర్చోగా నేను చూసి ఉంటే కదా.

పక్క మంచం మొండయ్య మీదికి తిరిగాను. "రోజూ చూసుకుంట నాకెందుకు చెప్పలే?"

మొండయ్యకు నా కోపం అర్థం కాలేదు. "చెప్పుడేంది సిస్టర్? పెద్దమనిషి వచ్చిండు, దించింది. దించకపోతే నీకు చెప్తుంటి."

కెమెరా కూడా ఏమీ చెప్పలేదు. వేళ్ళ రంగు చూడమన్నారు, చూసింది. కాలు పైనుందా కిందుందా చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

నమోదు 222

పోశంను బయట నడవాలో కూర్చోబెట్టి చెప్పాను. దాచకుండా చెప్పాను. నువ్వు రోజూ వచ్చి కూర్చున్న ఆ గంటే ఆమె కాలిని పాడుచేస్తోంది పెద్దయ్యా, రాత్రీ పగలూ కలిపి దింపినదంతా ఆ గంటలో తిరిగి ఎక్కుతోంది, ఇలాగే ఉంటే ఆపరేషన్ ఉండదు, పిల్ల పైకి పోతుంది అన్నాను.

ఆయన పిక్కకట్ల ముడి లాక్కుంటూ కూర్చున్నాడు. ఆ ముడి పూర్తిగా చివరికి వచ్చేసింది, ఇంకా వదులు చేయడానికి కట్టు లేదు. బొటనవేలు పెట్టి నొక్కాను. పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఎత్తుగంట మానుకుని వచ్చినవాడి కాళ్ళు ఇంకెలా ఉంటాయి?

"నేను రాంగనె ఆమె కాలు దించేది సిస్టరమ్మా," అన్నాడు చివరికి. "నేను చూసిన. దించకు బిడ్డా అని నా నోటికి రాలే. తల్లి లేకపాయె, మొగోన్ని నేను పెంచితి, అయినా మంచిగనే పెంచిన అనుకున్న. లోపల ఖుషీ అయిన."

 తిడదామని వెళ్ళినదాన్ని, ఆయన పక్కనే కూలబడ్డాను.

నమోదు 223

నిన్న పాత దుప్పటి చించి అరికాళ్ళ గుడ్డలు చేశాను. ఓదెమ్మ పాదం మీద ఒకటి కప్పాను. బోల్టుల స్టూలును కదిలించడం నా వల్ల కాలేదు, వంటింట్లోంచి పీట తెచ్చి తలవైపు వేశాను. పోశం అక్కడ కూర్చున్నాడు. ఆమె కాలు ఎత్తుగంటంతా ఎత్తులోనే ఉంది. ఆయన కాళ్ళను కూడా నేనే బలవంతంగా ఎదురు గోడకు ఎత్తించాను. పెదనాన్న ఒక గోడకు, కూతురు ఎత్తుపీటకు, ఇద్దరి పాదాల మీదా గుడ్డలు. పచ్చీసు గవ్వలు నేలంతా దొర్లాయి.

"పెద్దబాపు, నువ్వు తొండి ఆడుతున్నవ్."

"పండుకుని ఆడితే గవ్వ ఎటు పడ్డదో నాకేం కనపడతది బిడ్డా?"

కెమెరా ఒకటే మోత. వేళ్ళు కనపడటం లేదట. చెవుల్లో దూది పెట్టుకున్నాను. ప్రతి పావుగంటకూ నేనే గుడ్డ ఎత్తి, వేళ్ళ రంగు చూసి, కప్పాను.

ఇవాళ పొద్దున్న నొక్కితే గుంట పడి, చూస్తుండగానే నిండింది. బయటి బొబ్బలు ఎండుతున్నాయి.

నమోదు 225

సంస్థ నుంచి ఉత్తరువు వచ్చింది. కెమెరా మోత రికార్డయిందట. విచారించారట. నేను కారణం రాసి పంపాను, స్టూళ్ళు తలవైపుకు మార్చండి, గుడ్డలు కప్పనివ్వండి, అంతకంటే ఏమీ అక్కర్లేదు అని. వాళ్ళకు నేను రాసినదాంట్లో ఒక్కటే అర్థమైంది: చూడటానికి వచ్చేవాళ్ళ వల్ల వాపు పెరుగుతోంది. అందుకని కాలివార్డులోకి ఇకమీదట ఎవరూ రాకూడదు. గుడ్డలు వెంటనే తీసేయాలి. స్టూళ్ళ ఊసు లేదు.

పోశంను తలుపు దగ్గరే ఆపేశారు. గిన్నె నా చేతికిచ్చి, "ఆమెకు చెప్పు, నేను అలిగి పోలేదని," అన్నాడు.

చెప్పాను. ఓదెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కాలు మాత్రం ఎత్తుపీట మీదే ఉంది. ఎవరి కోసం దించాలో ఆ మనిషి ఇప్పుడు రావడం లేదు కదా.

నమోదు 229

ఓడ వచ్చింది. డాక్టర్ ఫర్హానా ఊతకర్ర పట్టుకుని దిగింది. పైన బరువు లేకుండా బతికే మనిషి, మా బండ మీద నాలుగడుగులు వేస్తే ఆమె బూట్ల పైన కాళ్ళు ఉబ్బుకొస్తాయి. అయినా ముందు కాలివార్డుకే వస్తుంది. మంచి మనిషి. కోపం చూపించడానికి కూడా వీల్లేని మనిషి.

ఓదెమ్మ కాలు పట్టుకుని బయటివైపు చర్మాన్ని వేళ్ళతో దగ్గరికి తెచ్చింది. సన్నటి ముడతలు పడ్డాయి, గాలికి చెరువు మీద లేచినట్టు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఓదెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

లోపలివైపు నొక్కింది. చర్మం నున్నగా ఉండిపోయింది. ఇంకోసారి నొక్కింది. కొంచెం పైన, కొంచెం కింద. బొబ్బ ఇంకా తడిగానే ఉంది.

"ఇంకో రెండు పగళ్ళు ఆగితే అవుతుండె తారా," అంది.

"ఆగండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటా, రెండు పగళ్ళు ఆగండి."

"ఓడ ఆగదు. దాని దారి దానికుంటది, నా చేతిల లేదు. ఇప్పుడు కోస్తే నేను కోయగలను, మూయలేను. కుళ్ళితే కాలు తీసేయాల్సి వస్తది."

రెండు పగళ్ళు! తొక్కు గిన్నె లాక్కోవడంలో, తొడుగు మార్చడంలో, పిల్లను అనుమానించడంలో పోయినవి అంతకంటే ఎక్కువ. స్టూలు తలవైపు ఉంటే, గుడ్డ ఉండి ఉంటే, అసలు ఇదేదీ ఉండేది కాదు.  ఎవరి మీద అరవాలో తెలియక మూడో మంచం పంపు మీద అరిచాను.

ఓదెమ్మ అరవలేదు. "పెద్దబాపుకు ఎవలు చెప్తరు?" అని అడిగింది, అంతే.

ఆయనను కూడా వెంట తీసుకుపొమ్మని అడిగాను. అరవై దాటినవాళ్ళను ఓడ ఎక్కించరు. ఓడ లేచేటప్పటి బరువుకు వాళ్ళ గుండె ఆగిపోతుంది.

నమోదు 230

నిన్న ఓడ లేచే ముందు ఓదెమ్మను స్ట్రెచర్ మీద దాని దాకా తీసుకెళ్ళాం. కాలు దిండ్ల మీద ఎత్తులో ఉంది. పోశం వార్డు తలుపు బయట నిలబడి ఉన్నాడు. కొత్త అంగీ వేసుకున్నాడు, మెడ దగ్గర మడతలు కూడా విప్పుకోలేదు.

ఆయన్ను చూడగానే ఓదెమ్మ లేవబోయింది, కాలు దించడానికి. పోశం రెండంగల్లో వచ్చి మడమ కింద చెయ్యి పెట్టి ఆపేశాడు.

"ఉంచు బిడ్డా."

"ఇడువు పెద్దబాపు. ఇప్పుడు దించితే ఏమైతది? ఇగ అయ్యేది అయిపాయె గదా."

"ఉంచుమన్న."

ఆ మడమను తన భుజం మీద పెట్టుకున్నాడు. పాదం ఆయన చెవి పక్కన ఉంది. లిఫ్టులో, నడవాలో, ఓడ మెట్ల దాకా అలాగే నడిచాడు, తన కాళ్ళు ఈడ్చుకుంటూ. దారిలో జనం చూశారు. పెద్దమనిషి భుజం మీద ఆడపిల్ల అరికాలు! ఒకరిద్దరు మొహం తిప్పుకున్నారు. ఓదెమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన ఎవరివైపూ చూడలేదు.

నమోదు 237

డాక్టర్ ఫర్హానా నుంచి కబురు. పైకి చేరిన మర్నాటికే వాపంతా దిగిపోయిందట. బరువు లేనిచోట కాళ్ళలో నీరు నిలవదు. చీలమండ చుట్టూ ముడతలే ముడతలట. ఆపరేషన్ చేశారట. ప్లేటు ఇంత చక్కగా కుదిరిన కాలును ఈ ఏడాది చూడలేదని రాసింది.

పోశం ఇంటికి వెళ్ళి చదివి వినిపించాను.

"అంటే నడుస్తదా?"

"కాలు మంచిగయింది పెద్దయ్యా."

"ఏడ నడుస్తది సిస్టరమ్మా? ఆడ నేలనే లేదంటివి గదా."

 కాగితం మడవబోయి ఆగాను. కబురు చివర ఓదెమ్మ చెప్పించిన మాట ఒకటుంది, అది కూడా చదివాను: పెద్దబాపును ఎత్తుగంట మానొద్దని చెప్పండి. ఆయన తలూపాడు.

నమోదు 244

పోశంను ఇవాళ నలుగురు మోసుకొచ్చారు. కాళ్ళు మోకాళ్ళ పైదాకా వాచి, ఎడమ పిక్క పగిలి నీరు కారుతోంది. ఖాళీగా ఉన్నది ఏడో మంచమే. అందులోనే వేశాను.

గాలితొడుగులు వేసి, కాళ్ళు పట్టుకుని ఎత్తుపీట మీద పెట్టాను. నేను ఇటు తిరిగేలోపు దించేశాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ దించాడు.

"ఏమాయె పెద్దయ్యా? నీ ఎదురుంగ కూసున్న పెద్దోళ్ళు ఎవలున్నరు? పేషెంట్లంతా నీకంటే చిన్నోళ్ళే."

ఆయన కప్పువైపు చూస్తున్నాడు. బండ మీద ఏ కప్పును చూసినా ఆయన అలాగే చూస్తాడు, ఎక్కడ ఊడుతుందా అని. పాత అలవాటు అనుకున్నాను.

"ఇంటికాడ గూడ ఎత్తుతలేవా?"

"ఎట్ల ఎత్తాలె?" అన్నాడు. "కాళ్ళు ఎటు ఎత్తినా పైకే గదా. పైన నా బిడ్డున్నది."

"బిడ్డకు తండ్రి కాళ్ళు చూపిస్తే తప్పేమున్నది పెద్దయ్యా?"

"ఆమె కాలు నాకు చూపిస్తే తప్పని అనుకున్నది. దించకు అని నేను అనలే. ఇప్పుడు నేను మంచిగ పండుకుని, కాళ్ళు ఆమె దిక్కు పెట్టి, వాపు దించుకోవాల్నా? నాతోని కాదు సిస్టరమ్మా. నువ్వేమన్న అను."

ఆ మాట అని, కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

ఎత్తుగంట మోగింది. నేను నా గదికి పోలేదు. అలమరలో అడుగున, ఉత్తరువు వచ్చాక కూడా పారేయని దుప్పటిముక్క ఒకటుంది. తెచ్చాను. ఆయన కాళ్ళు ఎత్తి పీట మీద పెట్టి, మళ్ళీ దించకుండా ఒక చేత్తో అదిమిపట్టుకుని, రెండో చేత్తో ఆ గుడ్డ అరికాళ్ళ మీద కప్పాను. అంచులు వేళ్ళ కిందికి దోపాను.

"ఇగ ఆమెకు కనపడవు," అన్నాను.

ఆయన చాలాసేపు గుడ్డవైపే చూశాడు. కాళ్ళు దించలేదు.

పైన కెమెరా మోగడం మొదలుపెట్టింది, వేళ్ళు కనపడటం లేదని. మొండయ్య దుప్పటి మీదికి లాక్కుని, "సిస్టర్, మోగుతుంది," అన్నాడు.

"మోగనీ," అన్నాను. ఆ గంటంతా ఆ బోల్టుల స్టూలు మీదే కూర్చున్నాను. నా కాళ్ళు వాచాయి. ఇది కూడా వాస్తవమే, రాసుకోండి.